రాజుగారి వేట విడిది, గ్రాహం పొలంలో కుంట

ఒట్టు

కింద రాసిన ప్రతి మాటా నిజం. ఒట్టు వేద్దామని మా ఆవిడ పద్మ పెట్టిన గోంగూర పచ్చడి జాడీ ముందు కూర్చున్నాను. "నా జాడీ జోలికి రాకండి, కావాలంటే మీ కంప్యూటర్ మీద వేసుకోండి" అంది. సరే, కంప్యూటర్ మీదే చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇందులో అబద్ధమన్నది లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అడిలైడ్ తెలుగువాళ్లలో నాకో పేరుంది. మూర్తి అంకుల్ చెప్పేది సగానికి కోసి వినాలంటారు. ఈసారి కొయ్యకండి.

నేను యాభై ఆరో ఏట ఉద్యోగం మానేశాను. కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటూ "ఎవరైనా వెళ్తారా?" అని అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. మొన్న పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మా గ్రూపులోకి కొత్తగా పిల్లలు చేరుతున్నారట, వాళ్ల కోసం ఏదైనా రాసివ్వమన్నారు. "ప్రమోషన్లు, ప్రాజెక్టుల పేర్లు వద్దంకుల్. పని నిజంగా ఎట్లుంటాదో రాయండి" అని షరతు కూడా పెట్టారు. అందుకే ఇది.

మా పని

ఆకాశం నుంచి తీసిన ఫోటో చూసి నేల మీద ఏముందో చెప్పడం మా పని. రోడ్డు వేసేవాళ్లు, పైపులు పాతేవాళ్లు తవ్వడానికి ముందు మమ్మల్ని అడుగుతారు: ఇక్కడ పాతకాలం నాటిది ఏమైనా ఉందా? ఉంటే దారి మార్చుకుంటారు, లేదంటే యంత్రం దింపుతారు. మేము అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో ఏసీ గదిలో కూర్చుని, ఎన్నడూ కాలు పెట్టని దేశాల పొలాల గురించి చెబుతాం. మా దగ్గర జవాబులు నాలుగే. ఖాయం. బహుశా. సాధ్యం. ఆధారం లేదు.

ఖాయం అనడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఆధారం లేదనడానికి అసలు శ్రమే అక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు. మనకు జీతమిచ్చేది మధ్యలో ఉన్న రెండు మాటలకి. ఎవరైనా మిమ్మల్ని "అవునా కాదా, ఒక్క మాటలో చెప్పు" అని తొందరపెడితే, అతనికి అప్పటికే యంత్రం అద్దెకు దొరికిందని అర్థం చేసుకోండి.

నేను చేరిన కొత్తలో ఉత్తరాన ఎండు నేలల మీద తీసిన ఫోటోలో ఒక వలయం కనిపించింది. అచ్చంగా గుండ్రం, దాని పక్కనే ఇంకోటి. వారమంతా పుస్తకాలు తిరగేసి, ఏదో ప్రాచీన కట్టడమని నాలుగు పేజీలు రాసి మా బాసు గ్రాహం ముందు పెట్టాను. ఆయన ఫోటో వంక ఒక్కసారి చూశాడు.

"యూట్," అన్నాడు.

"అంటే?"

"యూట్, మేట్. ట్రక్కు. శనివారం సాయంత్రం ఏమీ తోచని కుర్రాళ్లు బండిని గిరగిరా తిప్పారు. ఇదుగో, ఇక్కడ బ్రేకు వేశారు. ఇక్కడ ఒకడు కిందపడ్డాడు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు?"

"ఆ పడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇది కాదులే, ఇలాంటిది."

అప్పటినుంచి ఎక్కడ వలయం కనిపించినా ముందు కుర్రాళ్లను తలుచుకుని, తర్వాతే రాజుల దాకా వెళ్తాను. గ్రాహం గురించి మిగతాది చదివేముందు ఇది గుర్తుంచుకోండి. ఆస్ట్రేలియా నేలను ఆయనలా చదివినవాణ్ని నేను చూడలేదు. గనులు, గొర్రెల దారులు, ఎండిన వాగులు, అన్నీ ఆయనకి అరచేతిలో గీతలు. పట్టిన పట్టు మాత్రం విడవడు. నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడాది ఒకబ్బాయి మీటింగులో అందరి ముందూ "యూ ఆర్ రాంగ్, గ్రాహం" అన్నాడు. ఆ అబ్బాయి చెప్పిందే ఒప్పు. అయినా ప్రొబేషన్ మాత్రం పూర్తి కాలేదు. 'టీమ్‌తో కలవలేకపోయాడు' అని రాశారు.

నన్ను అంకుల్‌ని చేసిన అమ్మాయి

నస్రీన్‌ది కర్నూలు. అక్కడే పెరిగి, హైదరాబాదులో ఈ చదువు చదివి, ఇక్కడ యూనివర్సిటీలో ఇంకో డిగ్రీ చేసి మా దగ్గర చేరింది. మొదటిరోజు కాఫీ మెషీన్ దగ్గర నేను తెలుగువాణ్నని తెలియగానే మొహం వెలిగిపోయింది.

"అంకుల్, మీరు తెలుగా! ముందే చెప్పొద్దా? పొద్దుట్నుంచి ఇంగ్లీషు మాట్లాడీ మాట్లాడీ దవడలు నొస్తాన్నాయి."

ఆ 'అంకుల్' పక్క టేబుల్ వాళ్ల చెవిన పడింది. వారం తిరిగేసరికి ఆఫీసంతా నన్ను అంకుల్ అనడం మొదలుపెట్టింది. గ్రాహం కూడా. ఆయన నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద.

నస్రీన్ వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. భర్త అప్పటికి ఇంకా పని వెతుక్కుంటున్నాడు. ప్రొబేషన్ ముగిసి ఆమెను ఖాయం చేస్తే ఇద్దరూ ఇక్కడే ఉంటారు. లేదంటే సూట్‌కేసులు సర్దుకోవడమే. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది గ్రాహం, పెట్టాల్సింది ఒక శుక్రవారం. సరిగ్గా ఆ వారమే ఇంగ్లండ్ పని వచ్చింది.

గొయ్యి

ఇంగ్లండ్‌లో ఏదో పల్లె పక్కన నీళ్ల పైపు వేస్తున్నారు. దారి పొడవునా లేజర్‌తో కొలిచారు కానీ ఒక మూల మిగిలిపోయింది. ఆ మూలకి పాత విమానం ఫోటోలు మాత్రమే పంపారు. గురువారం మధ్యాహ్నానికి రిపోర్టు వెళ్లిపోవాలి. గ్రాహం ఫోటో చూసి చిత్తుప్రతి రాసేశాడు: దీర్ఘచతురస్రాకారపు పాత గొయ్యి, చుట్టూ పోసిన మట్టి. ఇటుకల కోసం తవ్వి ఉంటారు. ప్రాముఖ్యం ఉన్నట్టు ఆధారం లేదు.

నేనూ చూశాను. శుభ్రంగా గొయ్యే. నలుమూలలా సమంగా తవ్విన గొయ్యి, చుట్టూ కట్ట.

బుధవారం లంచ్‌లో నస్రీన్ ఆ ఫోటో ప్రింటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఈ చెట్టు నీడ యాడికి పోతాంది?"

"పైకి."

"పైనంటే ఉత్తరం. అంటే ఎండ దక్షిణం నుంచి వస్తాంది. ఇంగ్లండ్ కదా. ఇప్పుడు చూడండి."

ప్రింటును తలకిందులు చేసి నా ముందు పెట్టింది. ఆ క్షణంలో నా కళ్లముందు గొయ్యి పైకి లేచింది. అక్షరాలా లేచింది. గొయ్యి అనుకున్నది చదునైన దిబ్బ, కట్ట అనుకున్నది దాని చుట్టూ తవ్విన కందకం.

ఇదేమీ మాయ కాదు. వెలుతురు పైనుంచే వస్తుందని మన కళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఫోటోలో నీడలు మనవైపు పడితే ఎత్తు ఎత్తులా, పల్లం పల్లంలా కనిపిస్తుంది. అవతలివైపు పడితే రెండూ తారుమారవుతాయి. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు కాబట్టి, ఉత్తరం పైన పెట్టి చూస్తే నీడలు వాటంతటవే మనవైపు పడతాయి. గ్రాహం తన ఉద్యోగంలో చూసినవన్నీ ఇక్కడి ఫోటోలే, ఒక్కనాడూ తిప్పాల్సిన అవసరం రాలేదు. "ఉత్తరం పైన, ఎప్పుడూ పైన" అన్నది ఆఫీసులో ఆయన పెట్టిన నియమం. మన దేశంలో ఈ పని నేర్చుకున్నవాళ్లకి మొదటి రోజే చెబుతారు, నీడ మీ పొట్ట మీద పడేట్టు కాగితం తిప్పుకోమని. నాకూ చెప్పారు. ఇక్కడి ఎండకి మరిచిపోయాను.

"ఇంకోటి చూడండి," అంది నస్రీన్. పొలాలన్నిటినీ చుట్టి కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత ఉంది. బయట కట్ట, దాని లోపలివైపు కందకం. "కోటకైతే కందకం బయటుండాల. శత్రువు రాకుండా. ఇక్కడ లోపల ఉండాది. ఎవరు బయటికి పోకుండా?"

"ఖైదీలా?"

"జింకలంకుల్! రాజు వేటాడే జింకలు. లోపలినుంచి దూకబోతే కందకం అడ్డం, ఆపైన కట్ట, కట్ట మీద కంచె. అక్కడక్కడా బయటివైపు వాలుగా మట్టి పోసేవాళ్లంట, బయటి జింకలు లోపలికి దూకేదానికి. వచ్చేది సులువు, పోయేది కష్టం."

"మన వీసాకి రివర్స్."

నవ్వింది కానీ ఎక్కువసేపు నవ్వలేదు. ఆ పల్లె చుట్టుపక్కల ఒక రాజుగారి వేట విడిది ఉండేదని పాత రాతల్లో ఉందట, ఎక్కడన్నది మాత్రం ఎవరికీ తెలియదు. జింకల వనం మధ్యలో కందకం చుట్టిన దిబ్బ అంటే, ఆ విడిది కట్టిన చోటు అదే కావచ్చు. పైపు గీత సరిగ్గా దిబ్బ మధ్యలోంచి పోతోంది.

"శుక్రవారం దాకా ఆగు," అన్నాను. "సంతకం పడనీ. తర్వాత చెబుదువు."

"రిపోర్టు గురువారమే పోతాది కదంకుల్."

"నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటారు?"

సమోసా తిన్నాను.

కుంట

బాసుకి తప్పు చూపించే పద్ధతి గురించి నా అభిప్రాయం ఇది. నలుగురి ముందు చూపిస్తే మనిషి తప్పును వదిలి పరువును పట్టుకుంటాడు. ఈమెయిల్లో చూపిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. తన కళ్లతో తనే చూసుకునేలా చెయ్యాలి. అదీ తలుపు వేసి.

గ్రాహంకి ఊరికి ఉత్తరాన బరోసా వైపు పొలం ఉంది. అందులో వాననీళ్లు పట్టే కుంట, పక్కన ఎప్పుడూ పడుకుని ఉండే బిస్కట్ అనే కుక్క. ఆఫీసు డ్రోన్ కొత్తగా వచ్చినప్పుడు ఆయన దాన్ని తన పొలం మీదే ఎగరేసి చూశాడు. ఆ ఫోటోలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. గురువారం పొద్దున్నే కుంట ఫోటో ఒకటి తీసి, చుట్టూ కత్తిరించి, తలకిందులుగా ప్రింటు వేసి ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"గ్రాహం, ఇదేమిటో చెప్తావా? బయటి పని."

కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "దిబ్బ. పైన చదును చేశారు. గని దగ్గర పోసిన మట్టిలా ఉంది. ఎక్కడిది?"

"నువ్వే చెప్పు."

"మనుషులు చేసిందే. అంచు ఎంత నున్నగా ఉందో చూడు. ఈ పక్కన ఏదో చిన్న గొయ్యి..."

"గొయ్యి కాదు. బిస్కట్."

"ఏ బిస్కట్?"

"మీ కుక్క."

కాగితం చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పాడు. నీళ్లు కిందికి దిగాయి, గట్లు పైకి లేచాయి, కుక్క కుక్కయింది.

"ఇది మా కుంట," అన్నాడు.

"పోయిన క్రిస్మస్‌కి నీ పడవ బోల్తా పడింది ఇందులోనే కదా? దిబ్బ మీద పడవ ఎలా నడిపావు?"

ఆయన నవ్వలేదు. ఇంకేమీ చెప్పనక్కర్లేకుండానే టేబుల్ మీది ఇంగ్లండ్ ఫోటో అందుకుని, నీడలు తనవైపు పడేలా తిప్పాడు. కిటికీ బయట యూని పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు.

"దీన్ని మొదట చూసిందెవరు?"

"నస్రీన్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రేపు నువ్వొక కాగితం మీద సంతకం పెట్టాలి కాబట్టి."

మెడ దాకా ఎర్రబడ్డాడు. "నేను అంత చెడ్డవాడినా, అంకుల్?"

"చెడ్డవాడివి కాదు. పెద్దవాడివి. నీ మాట తప్పు అని చెప్పడానికి ఆ అడ్డం చాలు."

మధ్యాహ్నం వెళ్లిన రిపోర్టులో ఇటుకల గొయ్యి లేదు. 'మధ్యయుగపు రాజుల వేట విడిది తాలూకు మట్టి కట్టడాలు: సాధ్యం' అని ఉంది. నస్రీన్ 'బహుశా' అని రాయించాలని పట్టుబట్టింది. గ్రాహం ఒప్పుకోలేదు.

"ఎవరైనా పార తీసుకుని తవ్వి చూసేదాకా సాధ్యమే. నీ కళ్లు మంచివి, నస్రీన్. కానీ అవి పార కాదు."

ఈ విషయంలో నేను గ్రాహం పక్షమే. కొత్త పిల్లలు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. తప్పు దిద్దుకున్న ఉత్సాహంలో మనిషి అవతలి గట్టుకి దూకేస్తాడు. నిన్న ఆధారం లేదన్నవాడు ఇవాళ ఖాయం అంటాడు. గ్రాహం దూకలేదు. శుక్రవారం సంతకం పెట్టాడు. సోమవారం గోడ మీది 'ఉత్తరం పైన' కాగితం కింద పెన్నుతో ఒక లైను చేర్చాడు: ఇంగ్లండ్‌కి తప్ప.

ఇంగ్లండ్‌లో టీ

పైపు వంపు తిరిగింది. కొన్నాళ్లకి ఆ మూలకి కూడా లేజర్ కొలతలు వచ్చాయి. లేజర్‌కి ఎండతో, నీడతో పని లేదు. ఎత్తు ఎంతో అంతే చెబుతుంది. దిబ్బ దిబ్బే. పైన గదుల పునాదుల్లాంటి గట్లు కూడా కనిపించాయి. కందకం మీదుగా దాటడానికి మట్టిబాట ఉంది. అన్నీ తెరమీద పెట్టి అక్కడి పురావస్తు అధికారిణికి వీడియోలో చూపించాం. తలంతా నెరిసిన పెద్దావిడ. ఆ విడిది కోసం ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ వెతుకుతోందట, అదీ పల్లెకి అవతలివైపు.

ఆవిడ అంతా చూసి, "ఒక్క నిమిషం, టీ పెట్టుకుని వస్తాను" అని లేచి వెళ్లిపోయింది. మేం ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాం. తిరిగొచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది, చేతిలో కప్పు లేదు.

"టీ ఏదండీ?" అన్నాను ఉండబట్టలేక.

"మర్చిపోయాను," అంది.

తర్వాత ఒక వేసవిలో నస్రీన్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఆ దిబ్బ ఎక్కి, అక్కణ్నుంచి ఫోటో పంపింది. గడ్డి, గొర్రెలు, దూరంగా ఒక కంచె. ఇంకేమీ లేదు. మోకాలి ఎత్తు మట్టి మీద నిలబడితే అది మట్టిలాగే ఉంటుంది. మన పనిలో ఉండే వింత ఇదే. మనం కనిపెట్టింది దాని మీద నిలబడ్డవాడికి కనపడదు. అక్కడ ఏ రాజైనా పడుకున్నాడో లేదో నాకు తెలియదు. గొర్రెలు మాత్రం పడుకుంటున్నాయి, వాటి కింద పైపు లేదు.

ఇక, ఆ ఒట్టు సంగతి

ఇంతవరకు చదివినవాళ్లు ఎక్కడెక్కడ తల ఊపుతూ నవ్వుకున్నారో నాకు తెలుసు. యూట్ కుర్రాళ్లు? నిజం. ఆఫీసంతా నన్ను అంకుల్ అనడం? నిజం, రిటైర్మెంట్ కేకు మీద కూడా అదే రాశారు. టీ పెట్టుకోవడానికి వెళ్లి టీ లేకుండా వచ్చిన పెద్దావిడ? నిజం. బిస్కట్ అనే కుక్క? నిజం. మీరు నమ్మనివన్నీ నిజాలే.

నమ్మిన ఒక్కటి ఉంది చూశారా, అదీ నేను కల్పించింది. గురువారం పొద్దున్న కుంట ఫోటో పట్టుకుని ఆ గదిలోకి వెళ్లింది నేను కాదు.

ఆ టైముకి నేను పద్మ వాళ్ల పిన్నినీ బాబాయినీ కారులో ఎక్కించుకుని మెల్‌బోర్న్ వెళ్తున్నాను, అక్కడి కేరమ్ డౌన్స్‌లో ఉన్న గుడి చూపించడానికి. సెలవు ఎప్పుడో పెట్టుకున్నదే. దారిలో బోర్డర్‌టౌన్ దగ్గర కాఫీకి ఆగినప్పుడు నస్రీన్ మెసేజ్ వచ్చింది: 'పోతాన్నా అంకుల్.' వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కుంట ఫోటో ఆలోచన ఆమెది. తలుపు వేసింది ఆమె. "గొయ్యి కాదు, బిస్కట్" అన్నదీ ఆమే. తర్వాత గ్రాహం నాకు స్వయంగా చెప్పాడు. పడవ ప్రశ్న మాత్రం నేను చేర్చాను. సంతకం ఇంకా పడని కాగితం ఆయన సొరుగులో ఉండగా ఏ అమ్మాయీ ఆ మాట అనదు. 'పెద్దవాడివి, ఆ అడ్డం చాలు' అంటూ నేను చెప్పినట్టు రాసిన ఆ తెలివైన జవాబు కూడా అప్పుడు ఎవరూ అనలేదు. "నేను అంత చెడ్డవాడినా?" అని గ్రాహం అడిగింది నస్రీన్‌ని. ఆమె చెప్పింది ఇది:

"తెలీదు గ్రాహం. తెలుసుకోడానికే వచ్చాను."

ఏళ్ల తరబడి ప్రతి బార్బెక్యూలో, ప్రతి పుట్టినరోజు పార్టీలో ఈ కథ నాదిగానే చెప్పుకున్నాను. నస్రీన్ అక్కడే ఉండేది. ఒక్కనాడు అడ్డం రాలేదు. బిర్యానీ వడ్డిస్తూ "అంకుల్, కుక్క పేరు చెప్పడం మర్చిపోయినారు" అని అందించేది కూడా. గ్రాహం రిటైరయ్యాక ఆ గదిలో కూర్చున్నది ఆమే. నాకు ఫోన్ చేసి ఇది రాయమన్నదీ ఆమే. కొత్త పిల్లలకి ఇచ్చేది కాబట్టి ఈసారి నిజం రాసి పంపాను. చివర్లో ఒక వాక్యం చేర్చాను: ఈ కథలో మూర్తి అంకుల్ పాత్ర: సాధ్యం.

నిన్న నస్రీన్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. అక్షరం ముట్టుకోలేదు, ఒక్కచోట తప్ప. 'సాధ్యం' కొట్టేసి, పైన 'ఆధారం లేదు' అని రాసింది.